వెనక టైరు ఎన్ని వేలు తిరగాలి?

సంక్రాంతికి వనపర్తి వెళ్ళి వచ్చిన వారానికి మా బామ్మర్ది ఒక వీడియో పంపాడు. అమెరికాలో ఎవరో పెద్దాయన తన గోల్డ్ వింగ్ అనే పెద్ద హోండా బైకు వెనక చక్రానికి కారు టైరు వేసుకుని తిరుగుతున్నాడు. ముందు గుండ్రటి బైక్ టైరు, వెనక పలకలాగా చదునుగా ఉన్న కారు టైరు. మామూలు టూరింగ్ టైరు కంటే ఇది రెండింతలకు పైగా తిరుగుతోందని ఆయన లెక్క చెబుతున్నాడు. కింద మావాడి మెసేజ్: "బావా, మనం గూడ ఇట్లనే జేద్దామా? నాది ఎనకది మళ్ళ గుండైంది."

వాడి బాధ నాకు తెలుసు. నాదీ వాడిదీ ఒకే రకం బండి. రెండు సిలిండర్ల 650 సీసీ బైకు, పెట్రోలుతో కలిపి 241 కిలోలు. నేను 78 కిలోలు, మా ఆవిడ 60 దాకా, సైడ్ బాక్సుల్లో బట్టలూ సకినాల డబ్బాలూ కలిపి ఇంకో 25. మొత్తం నాలుగు వందల కిలోలు దాటుతుంది. అంత బరువునీ నేల మీద పట్టి ఉంచేది ముందొక అరచెయ్యంత, వెనకొక అరచెయ్యంత రబ్బరు. ఆ వెనకది తొందరగా అరిగిపోతుంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే ఆ వీడియో రెండుసార్లు చూశాను. ఫోన్ చేసి వద్దని చెప్పాను గానీ, ఎందుకు వద్దో వాడికి సరిగ్గా అప్పజెప్పలేకపోయాను. మూడేళ్ళలో నాకు అర్థమైంది ఇది: ఎక్కువ దూరం వచ్చే టైరు కావాలనుకోవడం పూర్తిగా సబబే. కాని ఆ అదనపు దూరాన్ని వెనక టైరు నడిమధ్య నుంచే రాబట్టాలి. దాని అంచుల నుంచి, ముందు టైరు నుంచి రాబట్టాలని చూస్తే ఎక్కడో ఒక మలుపులో లెక్క తేలుతుంది. ఈ మాటకు ఎలా వచ్చానో కాస్త వివరంగా చెబుతాను.

పుట్టు వెంట్రుకలతో పోయిన టైరు

బండి 2023 ఫిబ్రవరిలో కొన్నాను. దాంతోపాటు వచ్చిన వెనక టైరు 14,000 కిలోమీటర్లకు అయిపోయింది. ఈ బరువుకు అది తక్కువేం కాదు, కంపెనీని తప్పుపట్టను. అది అరిగిన తీరు మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. నడుమ నాలుగు వేళ్ళ వెడల్పున నున్నగా, బల్లలాగా అయిపోయింది. అంచులకు వచ్చేసరికి గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. ఇంకా చివరికి పోతే, అచ్చులోంచి వచ్చినప్పుడు ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా అక్కడక్కడా అట్లాగే ఉన్నాయి. పుట్టు వెంట్రుకలు తీయకుండానే ముసలిదైపోయింది పాపం.

కారణం మన రోడ్లే. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లికి వచ్చి 65వ నంబరు హైవే ఎక్కితే, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఎల్బీ నగర్ దాకా బండిని వంచే పనే ఉండదు. అటు జడ్చర్ల దగ్గర 44 ఎక్కినా అంతే, పెబ్బేరు దాటి కృష్ణ దాకా గీత గీసినట్టు పోతుంది. నా 14,000లో పన్నెండు పదమూడు వేలు ఇలా తిన్నగా పోయినవే. టైరులో మూడో వంతు మాత్రమే పనిచేసింది. మిగతా రెండు వంతులు ఊరికే వెంట తిరిగి, చివరికి ఆ మూడో వంతుతోపాటే తుక్కులోకి పోయాయి.

బల్లలాగా అయిన టైరు తిన్నటి రోడ్డు మీద ఏమీ చెప్పదు. శ్రీశైలం పోయినప్పుడు చెబుతుంది. దేవరకొండ, డిండి, మన్ననూరు దాటి అడవిలో పోతున్నంతసేపూ బాగానే ఉంది. ఈగలపెంట దాటి ఘాట్ దిగుతుంటే బండి తీరు మారిపోయింది. మలుపులో ఒరగమంటే ముందు ఒరగనని మొరాయించింది. ఇంకాస్త ఒత్తితే ఒక్కసారిగా పడిపోతున్నట్టు ఒరిగింది. చదునైన భాగానికీ గుండ్రటి అంచుకీ మధ్య ఒక గట్టులాంటిది ఏర్పడుతుంది, టైరు దాని మీదికి ఎక్కి అవతలికి దిగాలి. ప్రతి మలుపులోనూ అదే. పాతాళగంగ వంతెన కనబడేదాకా నా భుజాలు బిగుసుకునే ఉన్నాయి. చదునుతనం ఎంత ఇబ్బందో ఆ రోజు తెలిసింది. కారు టైరు వీడియో చూడగానే మొదట గుర్తొచ్చింది ఆ ఘాటే.

గోరు దిగని రబ్బరు

2024 జనవరిలో రెండో టైరు వేయించాను. అప్పటికి నా తలలో ఉన్నది ఒక్కటే, ఎక్కువ తిరగాలి. అడిగిన ప్రతి కొట్లోనూ మొదటి ప్రశ్న "ఎన్ని వేలు వస్తది?" అనే. ఒక కొట్టాయన గట్టి రబ్బరుతో చేసిన టైరు చూపించి, "పాతిక వేలకు ఢోకా లేదన్నా, కళ్ళు మూస్కొని ఎయ్యి" అన్నాడు. కళ్ళు మూసుకునే వేయించాను. 5,200 రూపాయలు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. 19,000 దాటినా బటన్లు, అంటే గాడుల మధ్య లేచి ఉండే రబ్బరు దిమ్మెలు, ఇంకా మిగిలాయి. ప్రతి ఆదివారం బండి కడుగుతూ ఆ గాడుల్లో వేలు పెట్టి చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

2025 సెప్టెంబరు చివర్లో బతుకమ్మకు వనపర్తి బయల్దేరాం. మల్లేపల్లి, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా. బిజినేపల్లి దాటాక సన్నగా జల్లు మొదలైంది. ఆగి తడిసేకంటే ఇంకో అరగంట పోతే చేరిపోతామని మెల్లగానే పోతున్నాను. ఒక ఊరి మొదట్లో తెల్లరంగు వేసిన స్పీడ్ బ్రేకర్, దాని వెనకే కొద్దిగా ఎడమ మలుపు. బ్రేకర్ ఎక్కి దిగాను, ఆక్సిలరేటర్ కొంచెమే తిప్పాను. వెనక చక్రం ఆ రంగు మీద ఒక్క క్షణం ఉత్తగా తిరిగి, కుడి పక్కకు జానెడు జరిగింది. చేతులు వాటంతట అవే ఆక్సిలరేటర్ వదిలేశాయి, బండి ఒక్క ఊపు ఊగి నిలదొక్కుకుంది. మా ఆవిడ వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి. "ఏమైందండీ?" అంది. "ఏం లేదు, రంగు" అన్నాను. ఆ ఏం లేదుకు గొంతు తడారిపోయింది. పడలేదు. కాని బటన్లు ఉన్న టైరు అట్లా ఎందుకు జారిందన్నది వనపర్తిలో ఉన్న మూడు రోజులూ నన్ను వదల్లేదు.

తిరిగొచ్చాక నల్లగొండలో నేను ఎప్పుడూ వెళ్ళే పంచర్ చాచా దగ్గరికి పోయాను. నలభై ఏళ్ళుగా టైర్లతోనే బతికిన మనిషి. బండిని పెద్ద స్టాండు వేయమన్నాడు. చక్రం మెల్లగా తిప్పుతూ చూశాడు. బటన్ లోతు చూస్తాడనుకున్నాను, అది చూడనే లేదు. బొటనవేలి గోరును రబ్బరు మీద పెట్టి గట్టిగా నొక్కాడు. తీశాడు. గీత పడలేదు. కొట్లో వేలాడుతున్న కొత్త స్కూటర్ టైరు ఒకటి లాగి దాని మీదా అట్లాగే నొక్కాడు. నెలవంకలాగా గోటి ముద్ర పడింది, నేను చూస్తుండగానే మెల్లగా మాసిపోయింది.

"సూస్తున్నవా బేటా? దీంట్ల పాణం ఉన్నది. నీ దాంట్ల గోరు దిగుతలేదు. అట్టలెక్క ఎండింది."

తర్వాత టైరు పక్కగోడ మీద మట్టి తుడిచి, నాలుగంకెలు చూపించాడు: 1121. అంటే 2021లో పదకొండో వారం తయారైన టైరు. నేను కొన్ననాటికే దానికి మూడేళ్ళు నిండబోతున్నాయి. జారిన రోజుకి నాలుగున్నర. ఆ నాలుగున్నరేళ్ళలో ఎన్ని ఎండాకాలాలు గోడౌన్ రేకుల కింద గడిపిందో, నా బండి మీద ఎన్ని గడిపిందో. రబ్బరును ఎండ, గాలి తినేస్తాయి. వాడినా వాడకపోయినా గట్టిపడుతుంది. అసలే గట్టి రకం, ఆ పైన పాతది. అది పాతిక వేలు తిరిగేదే. తడి రోడ్డును పట్టుకోవడం మాత్రం ఎప్పుడో మానేసింది.

అంకెలు చూడకుండా కొనడం నా పొరపాటే, కొట్టు మీద నెపం వేయను. కాని "ఎన్ని వేలు వస్తది?" అనే ప్రశ్న ఎంత సగం ప్రశ్నో ఆ గోటి ముద్ర చూశాక తెలిసింది. ఎన్ని వేల వరకు తడి రోడ్డు మీద పట్టు ఉంటుంది అని కదా అడగాల్సింది?

కారు టైరు సంగతి

ఇప్పుడు ఆ అమెరికా పెద్దాయన దగ్గరికి వస్తాను. అక్కడ ఇలా వేసుకునేవాళ్ళు కొద్దిమంది కాదు, దానికి 'డార్క్ సైడ్' అని ఒక పేరు కూడా పెట్టుకున్నారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. కారు టైరులో రబ్బరు మందం ఎక్కువ, నేలకు తగిలే భాగం వెడల్పు, పక్కగోడలు గట్టివి. రోజంతా తిన్నటి హైవే మీద పోయే బండికి ఆ వెడల్పు మీద బరువు పరచుకుంటుంది కాబట్టి నిదానంగా అరుగుతుంది. లక్షల మైళ్ళు తిరిగాం, ఏమీ కాలేదు అంటారు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని నేను అనుకోను.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. కారు ఒరగదు, బైక్ ఒరుగుతుంది. బైక్ టైరును గుండ్రంగా చేసిందే అందుకు. ఎంత ఒరిగినా నేలకు తగిలే భాగం దాదాపు అంతే ఉండాలని. కారు టైరు వేసిన బైక్ మలుపులో ఒరిగితే టైరు తన అంచు మీద నిలబడాలి, ఒక పక్క గోడ నలగాలి. ఆ పని కోసం దాన్ని ఎవరూ కట్టలేదు. రిమ్ములో టైరు అంచు కూర్చునే చోటు ఆకారం కూడా కారుకీ బైక్‌కీ ఒకటి కాదు. టైరు కంపెనీలూ వద్దంటాయి, బండి కంపెనీలూ వద్దంటాయి. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట ఫొటో తీసేది ఆ టైరునే.

ఇవన్నీ పక్కన పెట్టినా మన బండికి అది పట్టదు. నా వెనక టైరు 150/80-16, అంటే వెడల్పు 150 మిల్లీమీటర్లు, రిమ్ము 16 అంగుళాలు. మన దగ్గర దొరికే 16 అంగుళాల కారు టైర్లు 185, 195, 205 వెడల్పువి. గోల్డ్ వింగ్ వెనక టైరే 180 వెడల్పుది, కొత్త మోడల్లో 200, అందుకే అక్కడ కుదురుతుంది. మనకు ఆ వెడల్పులో ఒక పక్క చెయిన్, ఒక పక్క చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ అడ్డం. చాచా కొట్లో ఈ మాట నడుస్తుంటే అక్కడ పనిచేసే పిల్లవాడు, "అన్నా, ట్రాక్టర్ ముందట టైరు గూడ పదహారే కదా, వెడల్పు గూడ ఆరించులే" అన్నాడు. వాడి తెలివికి ముచ్చటేసింది. నిజమే, 6.00-16 అంటే వెడల్పు 152 మిల్లీమీటర్లు, కాగితం మీద నా టైరుతో సమానం. చాచా టేపు తెచ్చి చూపించాడు. నా టైరు ఎత్తు 65 సెంటీమీటర్ల లోపే, ట్రాక్టరుది 70 దాటుతుంది. ఆ టైరు మీద గాడులు దుక్కిలో మట్టిని చీల్చుకుంటూ పోవడానికి పెట్టినవి. ఒక వస్తువు దేనికోసం పుట్టిందో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది, చూసే కన్ను ఉండాలి. ఆ పిల్లవాడికి ఆ కన్ను వస్తోంది.

ఎంత మిగులుతుందని ఇదంతా?

ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. 5,200 పెట్టిన టైరు 14,000 తిరిగితే కిలోమీటరుకు 37 పైసలు. అదే డబ్బుకు 28,000 తిరిగే టైరు దొరికిందనుకుందాం, పద్దెనిమిదిన్నర పైసలు. నేను ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతాను. అంటే ఏడాదికి మిగిలేది 2,200 రూపాయలు. అదే ఏడాది పెట్రోలుకు, అప్పటి ధర లీటరు 107 చొప్పున, లీటరుకు 25 కిలోమీటర్లు వచ్చినా, 51,000 పైన పోస్తున్నట్టు తేలింది. ఏడాదికి ఆ 2,200 మిగులు కోసమే బిజినేపల్లి దగ్గర ఆ జానెడు జారుడు కొనితెచ్చుకున్నానన్నమాట. ఆ లెక్క చూశాక నిద్ర పట్టలేదు.

అయితే డబ్బు ఒక్కటే చూసి తేల్చేయడం కూడా న్యాయం కాదు. మన్నిక కోరుకునేవాళ్ళకు అసలు బాధ డబ్బు కాదు, టైరు దొరకడం. ఈ సైజు నల్లగొండలో ఏ కొట్లోనూ సిద్ధంగా ఉండదు. హైదరాబాదు నుంచి తెప్పించుకోవాలి, లేదా ఒక ఆదివారం అక్కడికి పోయి రావాలి. ఇంత పెద్ద ట్యూబ్‌లెస్ టైరును రిమ్ము గీసుకుపోకుండా ఎక్కించే మిషన్ కూడా అందరి దగ్గరా లేదు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని లైసెన్సు కిందికి తెచ్చాక విదేశీ టూరింగ్ టైర్లకు కరువొచ్చింది, దొరికినవాటికి ధర పెరిగింది. దూర ప్రయాణం మధ్యలో, ఏ నాగ్‌పూర్ అవతలో, టైరు అయిపోతే ఏం చేయాలి? ఆ భయం నిజమైనది. దానికి కాస్త ఎక్కువ మన్నే టైరు వేసుకోవడమే జవాబు, అందులో నాకు అనుమానం లేదు.

పన్ను సంగతి కూడా ఒక మాట. 2025 సెప్టెంబరు 22న 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతానికి పెరిగింది, అదే రోజు టైర్ల మీద 28 నుంచి 18కి దిగింది. బండి కొనాలనుకునేవాళ్ళకు కష్టం, ఉన్న బండికి మంచి టైరు వేసుకోవాలనుకునేవాళ్ళకు కాస్త వెసులుబాటు. నేను రెండోవాళ్ళలో ఉన్నాను.

జడ్చర్ల అన్న మాట

నాకు తెలిసిన ఒక అన్న జడ్చర్ల నుంచి హైదరాబాదుకు వారానికి మూడు నాలుగు రోజులు బండి మీదే పోయొస్తాడు. ఏడాదికి నాకు రెండింతలు తిరుగుతాడు. గట్టి టైరే వేస్తాడు, అదే మంచిదంటాడు. నేను జారిన కథ చెబితే ఆయన అన్నది ఇది:

"తమ్మీ, మన పాలమూరుల వాన ఎన్ని రోజులు పడ్తది జెప్పు. ఎండ ఎన్ని రోజులు కొడ్తది? ఎండకు నిలబడే టైరు ఎయ్యాల్నా, నాలుగు వాన రోజుల కోసం మెత్తది ఎయ్యాల్నా?"

దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఇందులో సగం నిజమే అనుకుంటాను. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం తారు రోడ్డు మీద వేడి 60 దాటడం మామూలే. చల్లటి దేశాల్లో, పొద్దున్నే వేడెక్కాలని చేసిన మెత్తటి రబ్బరు మన ఎండలో సబ్బులాగా కరిగిపోతుంది. ఏళ్ళ మీద గట్టిపరిచే ఎండే, బండి నడిచే ఆ పూటకు రబ్బరును వేడెక్కించి మెత్తబరుస్తుంది కాబట్టి మనకు కాస్త గట్టి రకమే తగినది. అన్న ఏడాదిలోనే టైరు అరగదీసేస్తాడు, దానికి ముసలితనం వచ్చే అవకాశమే లేదు. ఆయన లెక్కలో గట్టి టైరు సరైనదే. నా టైరు మాత్రం బటన్లు అరిగేలోపే ముసలిదైంది. ఒకే టైరు ఇద్దరికీ ఒకేలా పనిచేయదు.

మిగతా సగం దగ్గర ఆయనతో విభేదిస్తాను. వాన తక్కువ పడే చోటే మొదటి వాన ప్రమాదం. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ట్రాక్టర్లూ లారీలూ కార్చిన ఆయిలు, మొదటి జల్లుకు జారుడు పొరలా తేలుతాయి. మనకు తడి రోడ్డు మీద నడిపే అలవాటూ తక్కువ. వాన ఒక్కటే అనుకుంటే పొరపాటు కూడా. వానాకాలం వడ్లు కోసిన నవంబరులోనూ, యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనూ మిర్యాలగూడ, హాలియా వైపు పోయి చూడండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్ళు పేర్చి. వాళ్ళకు కళ్ళం లేదు, తప్పని తిప్పలు, నేను వాళ్ళను తిట్టను. కాని చీకట్లో ఎదురుగా లైట్లు కొట్టే బస్సును తప్పించబోయి ఆ గింజల మీదికి పోతే? గోళీల మీద నడిచినట్టే. అట్లాంటప్పుడు అంచుల్లో రబ్బరు మెత్తగా ఉంటే గింజల అవతల తారు తగిలిన క్షణాన పట్టుకుంటుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. నిడమనూరు దగ్గర కిందటి నవంబరులో, మూడో టైరు వేశాక, నాకే జరిగింది. గింజల మీద తేలినట్టై, తారు తగలగానే నిలబడింది.

నడుమ గట్టి, అంచులు మెత్తన

మూడో టైరు 2025 అక్టోబరులో వేయించాను. రెండు రకాల రబ్బరు కలిపి చేసినది. నడుమ పట్టీలా గట్టి రబ్బరు, రెండు పక్కలా మెత్తది. ఇప్పుడు మన దేశంలో తయారవుతున్న టైర్లలోనూ ఈ రకం దొరుకుతోంది. రబ్బరులో కలిపే నల్లటి మసికి తోడు సిలికా కూడా కలిపితే, ఎక్కువ అరగకుండానే తడి మీద పట్టు మెరుగవుతుంది. కాబట్టి కొట్లో "సిలికా ఉందా?" అని కూడా అడిగాను. 7,400 పడింది. 16,000 వస్తే చాలనుకుంటున్నాను, అంటే కిలోమీటరుకు 46 పైసలు. నా పాత లెక్కలో ఇది నష్టం. ఈ లెక్కే నాకు నచ్చింది. నా ప్రయాణంలో పదింట తొమ్మిది వంతులు నడుమ పట్టీ మీదే నడుస్తుంది, అక్కడ గట్టి రబ్బరు తన పని తను చేసుకుంటుంది. మిగతా ఒక్క వంతు, ఆ ఘాటు, ఆ వడ్లు, ఆ తెల్లరంగు, అక్కడ నాకు మెత్తదే కావాలి.

పెట్టేముందు అంకెలు చదివాను. ఐఎస్ఐ గుర్తు చూశాను. పక్కగోడ మీద బరువు సంఖ్య 71, అంటే 345 కిలోల దాకా ఆ ఒక్క టైరు మోయగలదు. మాకు వెనక పడేది అంతకంటే తక్కువే. ముందు టైరు లాగే బయస్ రకమే తీసుకున్నాను. టైరు లోపలి దారాలు ఏటవాలుగా ఉంటే బయస్, అడ్డంగా ఉంటే రేడియల్, ఒకటి రేడియల్ ఒకటి బయస్ కలపకూడదు.

ముందు టైరు విషయంలో మాత్రం నాకు బేరం లేదు. వెనక జారితే నిలబెట్టుకునే అవకాశం ఉంటుంది, నేను నిలబెట్టుకున్నాను. ముందు జారితే మనం అనుకునేలోపే నేల మీద ఉంటాం. ముందుది వెనకదానికంటే చాలా నిదానంగా అరుగుతుంది కాబట్టి జనం దాన్ని మరిచిపోతారు. నేనూ మరిచిపోయాను. చాచా గోరు నొక్కి చూపించిన రోజే దానినీ చూపించుకున్నాను. ఇంకా ముద్ర పడుతోంది. వచ్చే ఎండాకాలం పోయాక, బటన్లు ఎంత ఉన్నా, మార్చేస్తాను. రెండు చక్రాల బండికి చట్టం చెప్పే హద్దు 0.8 మిల్లీమీటరు. నాలుగు వందల కిలోలు మోసే బండికి నేను అంతదాకా ఆగను, రెండు మిల్లీమీటర్ల దగ్గరే దిగిపోతాను. అరిగిన టైరులో సర్కారు తుమ్మ ముల్లు దిగడం కూడా ఎక్కువే, ఆ చివరి వెయ్యి కిలోమీటర్లలోనే నాకు రెండు పంచర్లు.

ఇంకొకటి, టైరు మార్చకుండానే మన్నిక పెంచే పని: గాలి. బంకుల్లో ఒక్కో గేజీ ఒక్కో మాట చెబుతుంది, అందుకే ఒక డిజిటల్ గేజీ కొనుక్కుని తెల్లారి బండి తీయకముందే చూస్తాను. గాలి తక్కువైతే పక్కగోడలు నలిగి వేడెక్కుతాయి, ఎక్కువైతే నడుమ మాత్రమే అరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో చూసి "ఎక్కువుందే" అని గాలి తీసేయడం మన దగ్గర చాలామంది చేసే పొరపాటు. టైరు వేడి పది డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి, గేజీ చూపే పీఎస్ఐ లెక్కలో, ఒకటిన్నర దాకా తనంతట తానే పెరుగుతుంది. మధ్యాహ్నానికి అయిదు పెరిగినా అది పెరగాల్సిందే. అప్పుడు తీసేస్తే తెల్లారేసరికి తక్కువవుతుంది. మా బామ్మర్ది టైరు తొందరగా గుండవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. వాడు మధ్యాహ్నం బంకులోనే చూపిస్తాడు.

నిన్న సాయంత్రం వాడు మహబూబ్‌నగర్‌లో ఒక టైర్ల కొట్లోంచి ఫోన్ చేశాడు. రెండు రబ్బర్ల రకం దొరికిందట, వెయ్యి రూపాయలు తగ్గించి ఇస్తానన్నారట. "పక్కన నాలుగంకెలుంటయ్ సూడు" అన్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని టైరు తిప్పుతున్న చప్పుడు, పైన అంటిన కాగితం చింపుతున్న చప్పుడు వినబడ్డాయి.

"నాలుగు... ఒకటి... రెండు... రెండు. గంతే బావా."

2022లో నలభై ఒకటో వారం.

"ఆడ బెట్టు" అన్నాను. "ఈ ఏడాదిదో, నిరుటిదో తెప్పిస్తరా అడుగు. వారం పడ్తదంటే ఆగు. వారం రోజులు బస్సుల పో."